పసుపు అస్తరు

పరదాలు కుట్టించుకునేవాళ్ళందరూ ముందుకు కనిపించే గుడ్డ గురించే మాట్లాడతారు. పువ్వులుండాలా, గీతలుండాలా, సోఫాకు కలుస్తుందా అని పూటంతా తర్జనభర్జన పడతారు. వెనకాల ఏ అస్తరు వెయ్యమంటారని అడిగితే మాత్రం "ఏదో ఒకటి వెయ్యమ్మా, దాన్ని ఎవరు చూస్తరు" అంటారు. అక్కడే నాకు ఒళ్ళు మండేది. ఎండను ఆపేది అస్తరు. గుడ్డకు బరువిచ్చి నిటారుగా వేలాడదీసేది అస్తరు. పై గుడ్డ వెలిసిపోకుండా ముందుగా తాను ఎండేది కూడా అదే. ఇప్పుడందరూ లైనింగు అంటున్నారు గానీ, మా దాదీ, అంటే మా నాయనమ్మ, కాలం నుంచి మా ఇంట్లో దాని పేరు అస్తరే.

వనపర్తిలో బస్టాండుకు పోయే దారిలో మా కుట్టు దుకాణం. మా ఆయన మొదట ప్యాంట్లు, షర్టులు కుట్టేవాడు. రెడీమేడ్ బట్టలొచ్చి ఆ పని సన్నగిల్లింది. సరిగ్గా అప్పుడే, రెండువేల సంవత్సరం దాటాక, మా వైపు స్లాబు ఇండ్లు లేవడం మొదలైంది. అంతకు ముందు కిటికీకి పరదా అంటే పాత చీర చింపి, రెండు మేకుల మధ్య స్ప్రింగు తీగ లాగి, దానికి దూర్చడమే. ఆ తీగ నెల తిరక్కుండానే మధ్యలో జారిపోయేది. కొత్త ఇండ్లవాళ్ళు హైదరాబాదులో చుట్టాల ఇండ్లు చూసొచ్చి మాకూ రాడ్డు కావాలి, రింగులు కావాలి, మడతలు కావాలి అన్నారు. మా ఆయన డ్రిల్లు మిషను కొన్నాడు, నేను కత్తెర పట్టుకున్నాను. కొలతలు, గుడ్డ ఎంపిక, కోత నావి. కుట్టు, బిగింపు ఆయనవి. మాటలు కూడా నావే. ఆయన నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసే మనిషి, ఇక మాట్లాడే వీలెక్కడిది.

ఏ ఇంటికి పోయినా నేను మూడు ప్రశ్నలు అడిగేదాన్ని. కిటికీ మొహం ఎటు, ఎండ ఎంతసేపు ఉంటుంది, గోడ డ్రిల్లుకు ఆగుతుందా. ఈ మూడూ తెలిస్తే పరదా సగం అయిపోయినట్టే. పడమటి కిటికీకి దళసరి అస్తరు, ఉత్తరం కిటికీకి పల్చనిది. హాలుకైతే మూడేసి మడతలు ఒకచోట పట్టి కుట్టిన పైకుట్టు, కాస్త పెద్దరికంగా ఉంటుంది. పిల్లలు లాగి ఆడుకునే గదికి రింగులు, లాగితే జర్రున జారతాయి గానీ చిరగవు. వంటింటికి రాడ్డు దూరేటట్టు గొట్టంలా మడిచి కుడితే చాలు, వారం వారం తీసి ఉతుక్కోవాలి కదా. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. చేసి, చెడగొట్టి, కుట్లు విప్పి, మళ్ళీ చేసి తెలుసుకున్నాను. విప్పడంలో నాకున్నంత అనుభవం పాలమూరు జిల్లాలోనే ఎవరికీ లేదని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

ఆ రోజుల్లో హైదరాబాదు టోకు దుకాణంలో నాకొక తాను దొరికింది. సాటిన్ నేత, మెత్తన, మంచి బరువు. రంగు పచ్చి పసుపు కాదు, నెయ్యి కాగేటప్పుడు వచ్చే చాయ. తెచ్చి మా ఇంటి కిటికీకే ముందు వేసి చూశాను. మధ్యాహ్నం గది గదంతా ఆ వెలుగులో మునిగింది. అద్దంలో మొహం చూసుకుంటే ఏనాడూ లేని కళ కనిపించింది. మా ఆయనను పిలిచి చూపిస్తే, నోట్లో మేకులు తీసి మరీ "బాగుంది" అన్నాడు. ఆయన బాగుందన్నది పరదానో నన్నో నేను అడగలేదు.

నాగర్‌కర్నూల్‌లో ఒక ఇంట్లో ఆడపిల్ల తల్లి ఆ అస్తరు చూసి పట్టు పట్టింది. పెండ్లిచూపులు ముందు గదిలోనే పెడతామని, పిల్లను ఆ పరదా పక్కనే కూర్చోబెడతామని చెప్పింది. సంబంధం కుదిరింది. కుదిరింది పిల్ల చదువు చూసో, గుణం చూసో నాకు తెలియదు గానీ, ఆ తల్లి మాత్రం నాలుగిండ్లకు నా పరదా పేరే చెప్పింది. అప్పటి నుంచి "మొహం మెరిసే పరదా" అని అడిగి మరీ కుట్టించుకోవడం మొదలుపెట్టారు. నేనూ ఎక్కడికి పోయినా ఒకటే మాట చెప్పేదాన్ని. "గిది వేస్తే గదిల రంగే మారిపోతది" అనేదాన్ని. ఆ మాట నా నోటితో ఎన్ని ఇండ్లలో అన్నానో లెక్క లేదు.

గద్వాలలో మేము పరదాలు వేసిన ఒక టీచరమ్మ ఇంటి పక్కనే ఒక నేతాయన ఉండేవాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. గద్వాల చీరంటే ఒళ్ళు నూలు, అంచు పట్టు, రెండూ పోగుకు పోగు మెలేసి కలపాలి. ఆ కలిపే దగ్గర చెయ్యి తిరిగినవాళ్ళలో ఆయనొకడని టీచరమ్మ చెప్పింది. నూలు, పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు పెండ్లిండ్లకు చెప్పిన చీరలు ఆయన మగ్గానికే ఇచ్చేవాడు. ఆ మధ్యనే పాత మట్టి ఇల్లు తీసేసి రెండు గదుల స్లాబు ఇల్లు కట్టుకున్నారు. మగ్గం గదికి పడమర వైపు పెద్ద కిటికీ పెట్టారు. వెలుతురు బాగుంటుందని పెడితే ఎండ లోపలికి వచ్చి కూర్చుంది. వేడికి పడుగు పోగులు ఎండి పుటుక్కు పుటుక్కున తెగుతున్నాయి, పట్టు రంగు వెలుస్తోంది. జర ఏమన్నా చెయ్యమని టీచరమ్మ చేత కబురు పెట్టించారు.

ఎండలు ముదరకముందే ఒక పొద్దున బయలుదేరాం. పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీద బస్సు పోతుంటే మా ఆయన నిచ్చెన పడిపోకుండా పట్టుకుని నిలబడ్డాడు. గద్వాలలో ఆ ఇంటికి పోయేసరికి నేతాయన గుంతలో కాళ్ళు పెట్టి మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య కిటికీ కింద రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లడి అనే నూలు చుట్ట మీద నుంచి ఆమె చుట్టిన కండె, పోగును అటూ ఇటూ మోసే నాడెలోకి పోతుంది, నాడె ఆయన చేతిలోకి పోతుంది. చూస్తుంటే ఇద్దరూ కలిసి ఒకే చెయ్యి అనిపించింది. వాళ్ళను నేను కాకా, చిన్నమ్మా అని పిలవడం ఆ పూటే మొదలైంది.

నా మూడు ప్రశ్నలూ అడిగాను. పడమర, పగలు సగం, గోడ గట్టిదే. అస్తరు దగ్గరకొచ్చేసరికి కాకా మగ్గం ఆపి అన్నాడు.

"తెల్లదే వెయ్యి బిడ్డా. పాతింట్ల కిటికీకి తెల్ల పంచె కడ్తుంటిమి. మా నాయిన గూడ గదే కట్టిండు."

"తెల్లది నెల రోజులకు మట్టి కొట్టుకపోతది కాకా" అన్నాను. "మీ బజారు దుమ్ము చూస్తున్న గద."

"ఏమో బిడ్డా. తెల్లదైతే మాకు అలవాటు."

"పంచె గుడ్డ కట్టనీకి నన్ను వనపర్తి నుంచి పిలిపించిన్రా?"

ఆ మాట నేను నవ్వుతూనే అన్నాను. కానీ నా నవ్వులో ఎప్పుడూ కొంచెం కొరుకుడు ఉంటుంది. కాకా మొహం తిప్పుకున్నాడు. ఎందుకు తెల్లదే కావాలో ఆయన చెప్పలేకపోయాడు. వాళ్ళ నాయన కట్టాడు కాబట్టి ఈయనా కట్టాడు, అంతకు మించి కారణం వెతికే అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. కారణం చెప్పలేనివాళ్ళను గెలవడం నాకు బాగా అలవాటు. చిన్నమ్మ మధ్యలో "పోనియ్, ఆమె పని ఆమెకు తెల్వదా" అంది. కాకా మళ్ళీ నాడె అందుకున్నాడు.

పని మాత్రం మనసు పెట్టి చేశాను. పక్కకు లాగే పరదా ఆ గదిలో పనికిరాదు, లాగాలంటే ఆయన గుంతలోంచి లేవాలి. అందుకని తాడు లాగితే మడతలు మడతలుగా పైకి పోయే పరదా కుట్టాం. వెనక చిన్న చిన్న రింగులు, వాటిలోంచి తాడు, తాడు కొస మగ్గం పక్క గోడకు కొక్కెం. ఆయన కూర్చున్న చోటు నుంచి చెయ్యి చాపితే అందేటట్టు. గాలికి ఎగరకుండా అడుగున ఇనుప పట్టీ దూర్చాం. పైన లేత బూడిద రంగు మందపు గుడ్డ, వెనక నా పసుపు అస్తరు. రెండూ కలిసినా వెలుతురు వస్తుంది, వేడి రాదు. బిగించి కిందికి వదిలాక గదంతా ఆ వెన్న కాచిన వెలుగు. చిన్నమ్మ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "బంగారం లెక్కున్నది" అంది. కాకా తాడు రెండుసార్లు లాగి, వదిలి, "పోగు తెగకుంటె సాలు" అన్నాడు.

ఎండాకాలం పోయి తొలకరి పడ్డాక మళ్ళీ గద్వాల పని తగిలింది. అది చూసుకుని, దారిలోనే కదా అని కాకా ఇంటికి నడిచాం. ఎందుకు పోయానో దాచడం దేనికి. మెచ్చుకుంటారని పోయాను.

కాకా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొత్త కళ్ళద్దాలు. పట్టపగలు మగ్గం చప్పుడు లేదు. లోపల మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. చిన్నమ్మ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి గొంతు తగ్గించి చెప్పింది.

ఏదో పెద్దింటి పెండ్లికి తెల్ల చీర నేయమని సావుకారు చెప్పాడట. తెల్ల నూలుతో పాటు తర్వాతి చీరకని మీగడ రంగు నూలు కూడా ఒకే మూటలో ఇచ్చాడు. నేసి, మగ్గం మీంచి కోసి, అక్కడే మడిచి కాకా తీసుకుపోయి ఇచ్చాడు. సావుకారు దుకాణం మెట్ల మీద వెలుతురులో చీర విప్పాడు. ఒంట్లో మూరెడు తెలుపు, మూరెడు మీగడ, మళ్ళీ తెలుపు. పట్టీలు పట్టీలుగా. బజారులో అందరి ముందూ సావుకారు చీర అట్లనే ఎత్తి పట్టుకుని, "నీ కండ్లు పోయినయ్. ఇంగ రంగు పని నీకియ్య" అన్నాడట. కాకా సిగ్గుతో ఆ చీర వైపు కన్నెత్తి చూడకుండానే ఇంటికి వచ్చేశాడట.

"గంతే బిడ్డా. గప్పటి నుంచి ఒంటి రంగు తువ్వాలలు ఇస్తుండు. ఈయన అవి నెయ్యనంటడు. కర్నూలు కండ్ల దవాఖానకు పోయొచ్చినం. కండ్లు మంచిగనే ఉన్నయ్, ఈ వయసుకు దగ్గరి చూపు అద్దాలు చాలంటడు డాక్టరు. ఈయనేమో డాక్టరు నన్ను సముదాయిస్తుండు అంటడు. అద్దాలు పెట్టుకోని మగ్గం కాడ చూస్తే గూడ రెండు లడీలు ఒక్కతీరే కనవడ్తున్నయంట."

"నీకో చిన్నమ్మా?"

"నాకు గూడ గంతే. ముసలోళ్ళమైతిమి గద."

ఇద్దరి కళ్ళూ ఒకే నెలలో, ఒకే రెండు రంగుల దగ్గర ఎట్లా పోతాయి. ఆ మాట నా బుర్రలో తిరగడానికి కొంత సేపు పట్టింది. లడీలు తెమ్మన్నాను. మగ్గం గదిలో పెట్టెలోంచి తీసి ఇచ్చింది. పరదా కిందికి వదిలే ఉంది. బజారు దుమ్ము వస్తుందని, వెలుగు బాగుందని, వాళ్ళు దాన్ని బిగించిన రోజు నుంచి పైకి లాగనే లేదట. పగలు కరెంటు ఎప్పుడూ ఉండదు కాబట్టి ట్యూబులైటు సంగతే లేదు. నేను రెండు చేతుల్లో రెండు లడీలు పట్టుకుని చూశాను. రెండూ ఒకటే. అటు మార్చి చూశాను, ఇటు మార్చి చూశాను. నా కళ్ళకు ఏ జబ్బూ లేదు. గడప దాటి వాకిట్లోకి వచ్చి చూశాను. ఒకటి మల్లెపూవంత తెల్లన, ఇంకొకటి మీగడ. గుడ్డివాళ్ళు కూడా చెప్పేటట్టున్నాయి.

గదిలో రంగే మారిపోతుందని చెప్పి అమ్ముకున్నదాన్ని నేనే. చెప్పిన మాట అక్షరాలా జరిగింది. గడప మీదే కూర్చున్నాను.

మా ఆయన నా మొహం చూసి, లోపలికి పోయి, పరదా చూసి, బయటికి వచ్చాడు. నోట్లో మేకులు లేవు. మేమిద్దరం మాట్లాడుకునేది ఉర్దూలో. ఆయన మెల్లగా అన్నది ఇదే. "ఇప్పుడేమీ అనకు. ఈ మాట బయటికి పోతే ఇన్ని ఇండ్ల పరదాలు మన మీదికి వస్తాయి." నేను ఎప్పుడూ ఆయన మాట వినను. ఆ రోజు విన్నాను. అది ఆయన తప్పు కాదు, వినాలనిపించి విన్నాను.

"పరదాకు దుమ్ము పట్టింది చిన్నమ్మా, ఉతికి తెస్త" అని చెప్పి విప్పించుకుని పోయాను. వనపర్తిలో కూర్చుని నా చేత్తోనే కుట్లు విప్పి పసుపు అస్తరు తీసేశాను. దళసరి తెల్ల కాటన్ వేశాను. వారం తిరక్కుండా తీసుకుపోయి బిగించాం. "రంగు మార్చినవే" అంది చిన్నమ్మ. "నువ్వు అప్పుడు తెల్లదే అడిగితివి గద కాకా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మళ్ళీ కొన్నాళ్ళకు పోతే చిన్నమ్మ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది. కాకాకు రంగులు తెలుస్తున్నాయట. అద్దాలు ఇప్పటికి కళ్ళకు కుదిరాయని కాకా అంటున్నాడు, జమ్ములమ్మకు మొక్కుకున్నాను కాబట్టి అని చిన్నమ్మ అంటోంది. టెంకాయ కొట్టి వచ్చి, నాలుగు కొబ్బరి ముక్కలు నా చేతిలో పెట్టింది. "నువ్వు గూడ మా కోసం పరేషాన్ అయినవ్ గద, తిను బిడ్డా" అంది. తిన్నాను. ఆమె చూస్తుండగా నమిలి మింగాను.

కానీ సావుకారు రంగు పని ఇవ్వలేదు. కళ్ళు బాగయ్యాయని కాకా రెండుసార్లు పోయి చెప్పుకున్నాడట. "అయితే మంచిదే, తువ్వాలలు నెయ్యి" అన్నాడట సావుకారు. కాకా తువ్వాలలు నేయడం మొదలుపెట్టాడు. అంచుల దగ్గర పోగుకు పోగు కలిపే ఆ చేతులు ఎడాపెడా నాడె తోస్తుంటే చూశాను. ఆయన తల ఎత్తలేదు. చిన్నమ్మ అదే రాట్నం దగ్గర ఒకే రంగు కండెలు చుడుతోంది. ఇల్లు గడుస్తుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నాకే నచ్చలేదు.

ఇంటికి వచ్చాక నా నోరు ఎవరి మీద పడితే వాళ్ళ మీద లేచేది. అన్నం వేడిగా ఉందని అరిచాను, చల్లారిందని అరిచాను. అప్పుడే నాగర్‌కర్నూల్ నుంచి ఇంకొకరు మొహం మెరిసే పరదా కావాలని వచ్చారు. తాను బల్ల మీద పరిచి, కొలత గీసి, కత్తెర పెట్టాను. చెయ్యి ముందుకు పోలేదు. మా ఆయన మిషను ఆపి కాసేపు నన్ను చూశాడు. "పోదాం పట్టు" అన్నాడు. "నేనే వద్దన్నాను, నేనే వస్తాను. స్టూలు ఎక్కి పట్టుకోవడానికి మనిషి కావాలి కదా." ఆయనకు అప్పటికే తెలుసు నేనేం చేస్తానో.

గద్వాల పోయి కాకాను వెంటబెట్టుకున్నాం. ఎందుకో చెప్పలేదు, రెండు లడీలు మాత్రం తెమ్మన్నాను. సావుకారు దుకాణంలో ఇద్దరు ముగ్గురు నేతవాళ్ళు కూడా కూర్చుని ఉన్నారు. ట్యూబులైటు ఆర్పమన్నాను. సావుకారు నన్ను ఎగాదిగా చూశాడు. నా గొంతు అప్పుడు ఎట్లా ఉందో, ఆర్పించాడు. మా ఆయన గుమ్మం దగ్గర స్టూలు ఎక్కి, విప్పి దాచిన పసుపు అస్తరు ఇంకొక గుడ్డతో కలిపి గుమ్మానికి అడ్డంగా పట్టుకున్నాడు. దుకాణమంతా ఆ వెన్న కాచిన వెలుగు.

"సావుకారు, గీ రెండిట్ల తెల్లది ఏది?" అని లడీలు ఆయన ముందు పెట్టాను.

"గిదేంది, నాకే పరీక్షనా?" అంటూ ఒకటి తీశాడు. పెట్టేశాడు. రెండోది తీశాడు. గట్టిగా చూసి, మొదటిదే చూపించాడు. పక్కనున్న నేతవాళ్ళలో ఒకాయన కాదు, రెండోది అన్నాడు. మా ఆయనను గుడ్డ దించమన్నాను. వెలుతురు వచ్చింది. సావుకారు చూపించింది మీగడ రంగు.

"తప్పు ఈ అస్తరుది. దాన్ని వేసింది నేను. కాకా తెల్లదే అడిగిండు, నేనే ఇనలేదు. ఆయన కండ్లకు ఏం కాలేదు" అన్నాను. ఒక్క గుక్కలో అనేశాను, ఆగితే ఆగిపోతానని.

సావుకారు లడీలు రెండూ పట్టుకుని మెట్ల మీదికి పోయి చాలాసేపు నిలబడ్డాడు. చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. లోపలికి వచ్చాడు. బీరువాలోంచి పట్టు, నూలు తీసి మూట కట్టి కాకా చేతిలో పెట్టాడు. "పాలపిట్ట రంగు ఒళ్ళు, ఎర్రంచు. శ్రావణానికి కావాలె" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. కాకా రెండు చేతులతో మూట అందుకున్నాడు.

తిరిగి నడిచేటప్పుడు మా ఆయన స్టూలు భుజాన వేసుకుని ముందు పోయాడు. నేనూ కాకా వెనక. తిడతాడనుకున్నాను. తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చాను. కొంత దూరం పోయాక ఆయన అడిగాడు.

"నీకెప్పుడు తెల్సింది బిడ్డా?"

మొన్ననే అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"పరదా ఉతుకుతనని విప్పుకపోయిన గద కాకా. గా దినమే."

ఆయన నడుస్తూనే ఉన్నాడు. లెక్క వేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"అయితే చిన్నమ్మ నీకు కొబ్బరి ఇచ్చిన నాడు తెల్సు."

"తెల్సు కాకా."

"తువ్వాలలు నేస్తుంటే వచ్చి చూసినవ్. గప్పుడు గూడ తెల్సు."

"తెల్సు."

"మొదట నీకూ తెల్వదు. దానికి నేనేమన" అన్నాడు. మూట ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని నడక పెంచాడు. ఇంటికి చేరాం. గుమ్మంలో "లోపలికి రా, చాయ తాగిపో" అన్నాడు. కోపం చేసినా బాగుండేది అనిపించింది. చాయ తాగి వచ్చేశాం.

మిగిలిన పసుపు తాను నేను ఎవరికీ వెయ్యలేదు. చాలాకాలం అటక మీద ఉండి, చివరికి మా ఇంట్లో దిండ్ల లోపల గలీబులయింది. మూడు ప్రశ్నల ముందు ఒక ప్రశ్న చేరింది. ఈ గదిల ఏం పని చేస్తరు అని అడుగుతాను. చాలామంది నవ్వుతారు. హాలులో ఏం పని చేస్తాం, కూర్చుంటాం అంటారు. అయినా అడుగుతాను.

కాకా ఇంటికి పోవడం మానలేదు. నాలుగైదేండ్ల తర్వాత ఒకసారి తాడు తెగిందని పిలిస్తే పోయాం. మా ఆయన కొత్త తాడు ఎక్కిస్తున్నాడు, నేను కింద కూర్చుని చూస్తున్నాను. తెల్ల అస్తరు మీద మట్టి మరకలు కొంచెం ఉన్నాయి, వెలుగు మాత్రం తెల్లగానే ఉంది. కాకా తెల్ల ఒంటి చీర నేస్తున్నాడు. కండె అయిపోవచ్చింది. చిన్నమ్మ కొత్త లడి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని రాట్నానికి ఎక్కించనివ్వలేదు. చేతులు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని, గుంతలోంచి మెల్లగా పైకి లేచాడు. లడి పట్టుకుని వాకిట్లోకి నడిచాడు.

"ప్రతి లడికి గంతే" అంది చిన్నమ్మ. "మోకాళ్ళు నొస్తున్నా ఆగడు. నేను పోయి చూసొస్తనన్నా పోనియ్యడు."

నేను వెనకే పోయాను. "లోపల గూడ గిదే రంగు కాకా. ఇప్పుడు వేసింది తెల్లదే. లేశి బయటికి ఎందుకొస్తవ్" అన్నాను.

"తెల్సు బిడ్డా" అన్నాడు.

ఎండలో లడి విప్పి, వేళ్ళ మధ్య పరిచి, ఈ వైపు ఆ వైపు తిప్పి చూశాడు. నలభై ఏండ్లు చేతి మీద తెల్ల పోగు ఆడించిన మనిషి. కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు, కిందికి దించి చూశాడు. తర్వాత లడి నా ముందుకు చాపాడు.

"తెలుపే గద?"

"తెలుపే కాకా."

తలూపాడు. ఇంకొకసారి చూసుకుని, గోడ పట్టుకుని లోపలికి పోయి, గుంతలోకి దిగాడు.